గురి నిలిచే చిన్న రైఫిల్‌ను ఎంచుకోవడం ఎలా: బెంగళూరులో కొనబోయేవారికి

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి ఊళ్లో ఇంకా ఎంతో కొంత పొలం ఉంటుంది. మదనపల్లె వైపు టమాటా తోటో, కదిరి వైపు వేరుశనగ చేనో ఉన్నవారు పండగకు వెళ్లి, రాత్రికి రాత్రి అడవిపందులు పెళ్లగించిన సాళ్లను చూసి, తిరిగి వచ్చాక నన్ను అడిగే మాట ఒకటే: "అన్నా, గురి బాగా కుదిరే చిన్న రైఫిల్ ఒకటి చెప్పు." వారి బాధ నాకు తెలుసు. అయినా నేను ముందుగా చెప్పేది రైఫిల్ పేరు కాదు, చట్టం.

అమెరికాలో పంటను, పచ్చికను పాడుచేసే ప్రెయిరీ డాగ్, గ్రౌండ్‌హాగ్ వంటి చిన్న జంతువులను దూరం నుంచి కొట్టడానికి ప్రత్యేకంగా రైఫిళ్లు తయారవుతాయి. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ తూటా అలాంటి పనికి పేరు తెచ్చుకుంది. దాని గుండు బరువు సుమారు 1.1 గ్రాములు మాత్రమే. మన దేశంలో ఆ దారి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ షెడ్యూళ్లలోని జంతువుల వేటను నిషేధించింది. పంటకు ప్రమాదకరంగా మారిన కొన్ని జంతువుల విషయంలో 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు గాని, ఆ ఉత్తర్వు లేకుండా పొలం యజమాని తానే తుపాకి ఎత్తడానికి వీల్లేదు. కాబట్టి పంట నష్టానికి అటవీశాఖకు అర్జీ పెట్టండి, చేనికి కంచె వేయించండి. రైఫిల్‌ను మాత్రం కాగితం మీది గురి కోసమే కొనండి. ఈ వ్యాసం ఆ కొనుగోలు గురించే, ముఖ్యంగా మందుతో కాక గాలి ఒత్తిడితో గుండును వదిలే, పది మీటర్ల పోటీకి వాడే ఎయిర్ రైఫిల్ గురించే.

ఆ అమెరికా వేటగాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసినది ఒకటి ఉంది. లక్ష్యం చిన్నదైనప్పుడు వారు బలాన్ని కాదు, గుళ్లు ఎంత దగ్గరగా పడుతున్నాయన్నదాన్ని చూస్తారు. కోణంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా వంద మీటర్ల దగ్గర సుమారు 29 మిల్లీమీటర్లు అవుతుంది, పది మీటర్ల దగ్గర 2.9 మిల్లీమీటర్లు అవుతుంది. వారు వంద మీటర్ల దగ్గర కోరే నిలకడనే మనం పది మీటర్ల హాల్లో కోరుతున్నాం.

మొదట చేయవలసినది కొనడం కాదు, కాల్చే చోటును వెతుక్కోవడం. బెంగళూరులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌లు పలు పేటల్లో ఉన్నాయి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కోరమంగల వైపు ఉండేవారికి ట్రాఫిక్‌లో అరగంటకు మించని చోటును ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే వారానికి మూడు రోజులు వెళ్లలేని చోట సభ్యత్వం తీసుకుంటే రెండో నెలకే మానేస్తారు. కనీసం రెండు నెలలు అక్కడి క్లబ్ రైఫిల్‌తోనే కాల్చండి. మా కోచ్ కన్నడిగులు. "నిధాన, నిధాన" అంటూ వెనక నిలబడేవారు. మన నిదానమే ఆ మాట. ఆ రెండు నెలల్లో మీ చేతి పొడవు, మెడ వంపు, ఏ కంటితో గురి చూస్తారన్నది మీకే తెలిసివస్తాయి. అవి తెలియకుండా రైఫిల్ కొనడమంటే కొలత ఇవ్వకుండా బట్టలు కుట్టించుకోవడమే.

రెండోది, ఎంత కాలిబర్ (బ్యారెల్ రంధ్రం వ్యాసం), ఎంత శక్తి అన్నది తేల్చుకోవడం. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 కాలిబర్ మించని, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు; ఈ రెండింటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. గుర్తింపు పత్రం, చిరునామా రుజువు మాత్రం దుకాణదారుకు చూపించాలి, బిల్లు జాగ్రత్తగా దాచుకోవాలి. 5.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, తూటా పేల్చే .22 రైఫిల్, ఈ రెండూ లైసెన్సు కిందికే వస్తాయి. బెంగళూరులో ఆ దరఖాస్తు పోలీసు కమిషనర్ కార్యాలయానికి వెళ్తుంది. కొత్తవారికి .177 చాలు. పది మీటర్ల పోటీకి అంతర్జాతీయంగా వాడేది కూడా అదే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఆ కాలిబర్‌తోనే.

శక్తి విషయంలో డబ్బా మీద రాసిన వేగాన్ని చూసి మోసపోవద్దు. నేను మొదటిసారి కొన్న ఎయిర్ రైఫిల్ డబ్బా మీద సెకనుకు వెయ్యి అడుగులు అని పెద్ద అక్షరాలతో ఉండేది. దుకాణంలో ఎవరూ దాని అర్థం చెప్పలేదు, నేనూ అడగలేదు. వెయ్యి అడుగులంటే సుమారు 305 మీటర్లు. మామూలు పోటీ పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్ గుండు, బరువు 0.53 గ్రాములు, అంత బరువు గుండు నిజంగా ఆ వేగంతో పోతే శక్తి 24 జౌళ్లు దాటుతుంది, అంటే లైసెన్సు లేకుండా ఉంచుకోకూడనిదవుతుంది. 0.35 గ్రాముల తేలిక గుండుతో కొలిస్తే అదే వేగానికి 16 జౌళ్లే వస్తుంది. కాబట్టి ఏ బరువు పెల్లెట్‌తో కొలిచిన వేగమో అడగండి. బరువును గ్రాముల్లో తీసుకుని వెయ్యితో భాగించి, వేగాన్ని మీటర్లలో తీసుకుని వర్గం చేసి, రెండింటినీ గుణించి సగం చేస్తే జౌళ్లు వస్తాయి. ఫోన్‌లో అరనిమిషం లెక్క. పోటీ రైఫిళ్లు గుండును సెకనుకు 170, 175 మీటర్ల వేగంతోనే వదులుతాయి, శక్తి ఎనిమిది జౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది. కాగితానికి చిల్లు వేయడానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

మూడోది, రైఫిల్‌కు ఊపిరి ఎక్కడి నుంచి వస్తుందన్నది. బ్యారెల్‌ను మధ్యలో విరిచి స్ప్రింగ్‌ను బిగించే రకం చవక, దానికి సిలిండర్ అక్కర్లేదు, పాడైతే బాగుచేయడం సులువు. కాని ట్రిగ్గర్ నొక్కగానే లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది, గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే రైఫిల్ అంతా వెనక్కీ ముందుకీ ఊగుతుంది. ఆ ఊపు ప్రతిసారీ ఒకేలా జరగాలంటే మీరు పట్టుకునే పట్టు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. గట్టిగా అదిమి పట్టేవారికి స్ప్రింగ్ రైఫిల్ గురి చెదురుతుంది. అరచేతి మీద ఊరికే ఆనించి, దాని ఊపును దానికి వదిలేసేవారికి కుదురుతుంది. బలమైన స్ప్రింగ్ ఉన్నకొద్దీ ఈ కష్టం పెరుగుతుంది. అందుకే స్ప్రింగ్ రకమే కొనదలచినవారు తక్కువ శక్తి ఉన్నదాన్నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందే నింపిన గాలి సిలిండర్‌తో పనిచేసే పీసీపీ రకంలో ఆ ఊపు దాదాపు ఉండదు. సిలిండర్‌ను సాధారణంగా 200 బార్ వరకు నింపుతారు. లోపలి రెగ్యులేటర్ ప్రతి గుండుకూ ఒకే పీడనం అందిస్తుంది. ఆ సమానత్వం ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చెబుతాను. గుండు 170 మీటర్ల వేగంతో బయలుదేరితే పది మీటర్లు చేరేలోగా భూమి ఆకర్షణకు సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, 175 మీటర్ల వేగమైతే 16 మిల్లీమీటర్లు. వేగంలో అయిదు మీటర్ల తేడా కాగితం మీద ఒక మిల్లీమీటరు తేడా అయింది. పోటీ లెక్కలో ఒక్కో దశాంశం, అంటే మార్కులో పదో వంతు, విలువ పావు మిల్లీమీటరు. అంటే మీ తప్పేమీ లేకుండానే నాలుగు దశాంశాలు పోయాయి. అందువల్ల అమ్మేవారిని వేగం ఎంత అని కాక, పది గుళ్లలో అత్యధిక, అత్యల్ప వేగాల మధ్య తేడా ఎంత అని అడగండి. మంచి రేంజ్‌లలో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటుంది, దానిమీద మీరే కొలవవచ్చు.

ధర విషయం దాచకుండా చెప్పాలి. స్ప్రింగ్ రైఫిల్ వేలల్లో దొరుకుతుంది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టైర్ వంటి యూరప్ కంపెనీల పోటీ రైఫిల్ లక్షల్లో ఉంటుంది. మన దేశంలోనే తయారయ్యే పోటీ రకం రైఫిళ్లు ఈ రెండింటికీ మధ్య ఉంటాయి, క్లబ్ స్థాయికి అవి చాలు. మొదటి సంవత్సరంలో రైఫిల్ వల్ల పోయే మార్కులకంటే మన నిలబడే తీరు వల్ల పోయే మార్కులే ఎక్కువ కాబట్టి అప్పు చేసి విదేశీ రైఫిల్ కొనవద్దు.

ఇక అసలు విషయం, పరీక్ష. ఏ రైఫిలైనా కాగితం మీద కాల్చి చూడకుండా కొనకండి. కాల్చనివ్వని దుకాణాన్ని వదిలి వేరే చోటు చూసుకోండి.

పరీక్షకు ముందు బ్యారెల్ మూతి చూడండి. గుండు చివరిసారిగా తాకి విడిచే అంచు అది. అక్కడ చిన్న గాటు ఉన్నా గుండు పక్కకు తన్నుతుంది. దూది ఉండను ఆ అంచు చుట్టూ మెల్లగా తిప్పితే గరుకు ఉన్న చోట పోగు చిక్కుకుంటుంది. తరువాత స్టాక్ (బ్యారెల్‌ను మోసే, భుజానికి ఆనించే భాగం) మరలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. నా మొదటి రైఫిల్‌తో మూడు వారాలు నన్ను నేను తిట్టుకున్నాను. గుళ్లు బొటనవేలంత వెడల్పులో చెల్లాచెదురుగా పడేవి. రేంజ్‌లో ఒక పెద్దాయన రైఫిల్‌ను చేతిలోకి తీసుకుని, స్టాక్‌ను మెల్లగా కదిపి, జేబులోంచి అలెన్ కీ తీసి ముందు మరను పావు చుట్టు తిప్పారు. ఆ సాయంత్రమే గుళ్లు సగానికి సగం దగ్గరకొచ్చాయి. ఆ పావు చుట్టు గుర్తు నా చేతికి ఇప్పటికీ ఉంది; రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ ముందు మరలే తాకి చూస్తాను.

కాల్చేటప్పుడు నిలబడి కాల్చవద్దు. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దానిమీద రైఫిల్ ముందు భాగాన్ని ఆనించి, కూర్చుని కాల్చండి. స్ప్రింగ్ రకమైతే సంచికీ రైఫిల్‌కూ మధ్య మీ అరచెయ్యి ఉంచండి. అప్పుడు మీ వణుకు తగ్గి రైఫిల్ గుణం బయటపడుతుంది. ముందు పది గుళ్లు ఊరికే కాల్చి బ్యారెల్‌ను అలవాటు పడనివ్వండి. తరువాత ఒక్కో కాగితం మీద అయిదు గుళ్లు చొప్పున అయిదు కాగితాలు కాల్చండి. ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పేయవద్దు, ఎందుకంటే అయిదు గుళ్లు అదృష్టంతో ఒకే చోట పడటం అరుదేమీ కాదు; అయిదు కాగితాల్లోనూ అలాగే పడితే అది రైఫిల్ గొప్ప. గురి మధ్యలో పడిందా లేదా అన్నది ఇప్పుడు పట్టించుకోనక్కర్లేదు, సైట్ (గురి చూసే అమరిక) తిప్పితే అది సరిపోతుంది. గుళ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నదే చూడాలి.

కొలిచే పద్ధతి ఇది. అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో గాని, మంచి స్కేలుతో గాని కొలిచి, అందులోంచి 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. మిగిలినది గుండు కేంద్రాల మధ్య దూరం. ఇప్పుడు లక్ష్యం కొలత చూడండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాగితంలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. గుండు అంచు ఆ చుక్కను తాకినా పది వస్తుంది కాబట్టి, గుండు కేంద్రం మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపల ఉంటే చాలు. అంటే కేంద్రాలన్నీ అయిదు మిల్లీమీటర్ల వృత్తంలో పడాలి. పోటీ రైఫిల్ బల్ల మీద నుంచి కాల్చినప్పుడు ఆ అయిదులో సగం కూడా వాడుకోకూడదు, మిగతా సగం మన వణుకుకు కావాలి. మంచి స్ప్రింగ్ రైఫిల్ ఆ అయిదు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే కొత్తవారికి చాలు. పది మిల్లీమీటర్లు దాటితే, వేరే పెల్లెట్‌తో మళ్లీ చూసినా తగ్గకపోతే, ఎంత ముద్దొచ్చినా దాన్ని వదిలేయండి.

వేరే పెల్లెట్ అన్నది తేలికగా తీసుకునే మాట కాదు. ఒకే రైఫిల్‌లో ఒక రకం పెల్లెట్ చుక్కలా పడితే ఇంకో రకం చల్లినట్టు పడుతుంది. పెల్లెట్ తల వ్యాసం డబ్బా మీద 4.48, 4.49, 4.50, 4.51 అని రాసి ఉంటుంది. నూరో వంతు మిల్లీమీటరు తేడాకు కొన్ని బ్యారెల్‌లు నిజంగానే తేడా చూపిస్తాయి. కాగితం కోసం తల చదునుగా ఉన్న పెల్లెట్లనే వాడండి, అవి గుండ్రంగా, శుభ్రంగా చిల్లు కోస్తాయి; తల బోర్లించిన గిన్నెలా ఉన్న రకం కాగితాన్ని చించుతుంది, అంచు ఎక్కడుందో తెలియదు. కనీసం మూడు రకాల డబ్బాలు పరీక్షకు తీసుకెళ్లండి. రేంజ్‌లో తోటివారిని అడిగితే ఒక్కో డబ్బాలోంచి ముప్పై గుళ్లు ఇవ్వడానికి ఎవరూ కాదనరు.

ట్రిగ్గర్‌ను కళ్లు మూసుకుని నొక్కి చూడండి. మంచి ట్రిగ్గర్‌కు రెండు మెట్లు ఉంటాయి: మొదట ఖాళీగా కొంత వెనక్కి వచ్చి ఒక గోడలా ఆగుతుంది, ఆ గోడ మీద ఇంకొంచెం బరువు పెడితే వదిలేస్తుంది. ఆ గోడ దగ్గర గరుకుగా ఈడ్చుకుంటూ పోయినట్టు అనిపిస్తే ఆ రైఫిల్‌తో గురి కుదరదు. పది మీటర్ల రైఫిల్ పోటీలో ట్రిగ్గర్‌కు కనీస బరువు నియమం లేదు, కాని కొత్తవారు మరీ తేలిక చేసుకోకూడదు. సిద్ధం కాకముందే పేలిపోతే వేలికి భయం పట్టుకుంటుంది, ఆ భయం పోవడానికి నెలలు పడుతుంది.

స్టాక్ మీ ఒంటికి సరిపోవాలి. రైఫిల్‌ను భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని, చెంపను చెక్కకు హాయిగా ఆనించి కళ్లు తెరవండి. వెనక సైట్ రంధ్రం మధ్యలో ముందు వలయం కనిపించాలి. కనిపించడానికి మెడ చాచవలసి వస్తే చెంప చెక్కనో, భుజం పట్టీనో సర్దాలి; అవి సర్దుబాటు కాని రైఫిల్ అయితే వేరేది చూడండి. పోటీ రైఫిల్ బరువుకు 5.5 కిలోలు గరిష్ఠ పరిమితి. ఆ బరువు పన్నెండేళ్ల పిల్లలకు తగదు. వారికి తేలిక రైఫిల్ ఇప్పించండి, బరువు తరువాత చేర్చుకోవచ్చు. ఎడమచేతివాటం వారు తమ చేతికి తగ్గ పిడినే అడిగి తీసుకోవాలి, సర్దుకుపోకూడదు.

సైట్ పరీక్ష తేలిక. ఒక గ్రూప్ (ఒకే గురితో కాల్చిన కొన్ని గుళ్లు) కాల్చి, సైట్‌ను ఎడమకు ఇరవై క్లిక్‌లు తిప్పి ఇంకో గ్రూప్, తిరిగి కుడికి ఇరవై తిప్పి మూడో గ్రూప్ కాల్చండి. మూడోది మొదటిదాని మీదే పడాలి. దుర్భిణి మీద డబ్బు పెట్టకండి, పది మీటర్ల పోటీలో దానికి అనుమతి లేదు.

పాత రైఫిల్ కొనేవారికి ఒక హెచ్చరిక. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. తయారీదారు చెప్పిన గడువు దాటిన సిలిండర్‌ను నింపడం ప్రమాదం, పోటీలోనూ దాని బాధ్యత ఆటగాడిదే. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఎంతో చవకగా దొరికిందని ఒక పాత పీసీపీ కొన్నది. నేను సిలిండర్ విప్పి వెలుతురుకు పట్టి చూస్తే గడువు దాటి రెండేళ్లయింది. కొత్త సిలిండర్ ఖర్చు కలిపితే ఆ చవక ఏమీ మిగల్లేదు. తేదీ ముందు చూడండి, బేరం తరువాత ఆడండి.

కొన్నాక ఇంటికి తెచ్చుకునేటప్పుడు మెట్రోలో తీసుకురావాలనుకోకండి, స్టేషన్ తనిఖీలోనే ఆపుతారు. ఖాళీ బ్యారెల్‌తో, పెట్టెలో పెట్టి, బిల్లు, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుని సొంత వాహనంలోనో క్యాబ్‌లోనో తీసుకురండి. అపార్ట్‌మెంట్ మేడ మీద, బాల్కనీలో ఒక్క గుండు కూడా కాల్చవద్దు. పెల్లెట్ రెండు వందల మీటర్లు దాటి పోగలదు, పక్క వీధిలో ఎవరున్నారో మీకు తెలియదు. ఇంట్లో రైఫిల్‌ను ఒకచోట, పెల్లెట్లను ఇంకోచోట తాళం వేసి ఉంచండి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు కూడా ముట్టవద్దు, పిల్లల చేతికి డబ్బా ఇవ్వవద్దు.

పరీక్షలో బాగా పడిన పెల్లెట్ డబ్బా వెనక బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆ సాయంత్రమే దాన్ని నోటు పుస్తకంలో రాసుకుని, అదే నంబరు డబ్బాలు దుకాణంలో ఎన్ని ఉంటే అన్ని, మీ జేబు భరించినంత వరకు, తీసి పెట్టుకోండి; తరువాతి బ్యాచ్ వచ్చినప్పుడు ఇసుక సంచి, అయిదు కాగితాలు, స్కేలు మళ్లీ బయటికి తీయవలసి వస్తుంది.